డాక్టర్ 'డి' సిజేరియన్లు

తెరమీది గీతలన్నిటిలోకీ డాక్టర్ 'డి' గీతే పొడుగ్గా నిలబడింది. ఎవరెన్ని సిజేరియన్లు చేశారో, అవి అవసరమేనా అని చూసే ఆడిట్‌లో పేర్లు చెప్పకూడదు కాబట్టి, ఆ ఆడిట్ చేసే డాక్టర్ నవనీత్ అక్షరాలు పెట్టాడు. ఏం లాభం? ఆ చంద్రపూర్ ఆసుపత్రిలో కాన్పులు చేసే డాక్టర్లు నలుగురే. మీటింగులో అందరూ డాక్టర్ హరిణి మొహంలోకే చూశారు.

బయటికి రాగానే ఆమె అతన్ని నిలదీసింది. బామ్ని నుంచీ విసాపూర్ నుంచీ ఆఖరి నిమిషంలో పంపే కష్టం కేసులన్నీ తన డ్యూటీలోనే పడుతుంటే, వాటిని మామూలు కాన్పులతో కలిపి లెక్కేయడం ఏం న్యాయమని అడిగింది. నవనీత్ తప్పు ఒప్పుకుని, ఇకనుంచి వేరుచేసి చూస్తానన్నాడు. అంత మర్యాదగా ఒప్పుకునే మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కూడా కష్టమే. హరిణి ఎలాగో నిలబెట్టుకుంది.

వారం తిరక్కుండానే అతని అక్క సౌజన్య తొలికాన్పు నొప్పులతో వచ్చింది. వాళ్లమ్మ భూదేవి పంతులుతో మంచి గడియ పెట్టించుకుని మరీ వచ్చి, ఆ వేళకి ఆపరేషన్ చేయమంది. నొప్పులు బాగున్నాయి, బిడ్డ గుండె బాగుంది, ఆగుదామంది హరిణి. గడియ దాటిపోయింది. మధ్యాహ్నానికి సౌజన్య నొప్పులతో అలసి సోలిపోయింది.

నవనీత్ వరండాలో హరిణికి అడ్డం వచ్చాడు.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పున్రి. నా ఆడిట్‌కు భయపడి ఆగుతున్రా?"

ఆమెకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. పొద్దున్నుంచీ తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే.

"లేదు. మీ అక్క కోసం ఆగుతున్న. కొయ్యాల్సొస్తే ఒక్క నిమిషం గూడ ఆగ."

ఆ నిమిషం రానే వచ్చింది. బిడ్డ గుండె వేగం పడిపోయింది. సౌజన్యను పక్కకు తిప్పి పడుకోబెట్టినా కోలుకోలేదు. హరిణికి ఏ గీతా గుర్తు రాలేదు. థియేటర్ సిద్ధం చేయమంది.

బయటికి తీశాక పాప ఏడవలేదు. సిస్టర్ పాప వీపు రుద్దుతుంటే హరిణి ఒక చెవి అటే పెట్టి కుట్లు మొదలుపెట్టింది. అప్పుడు ఏడ్చింది పాప, గది దద్దరిల్లేలా.

బయట వరండాలో భూదేవి హరిణి చేతులు పట్టుకుంది. గోడకానుకుని నవనీత్ కళ్లు తుడుచుకుంటున్నాడు. అతనంటే తనకి ఇష్టమని హరిణికి అక్కడే తెలిసింది. తెలిసినందుకు తనమీదే చిరాకేసింది.

తరువాతి ఆడిట్‌లో సౌజన్య కేసు వచ్చింది. అంతసేపు ఆగడం సబబేనా అని పెద్దడాక్టరు అనంతరావు నవనీత్‌ను అడిగాడు. అయినవాళ్ల కేసు తను చూడకూడదని, బయటి డాక్టరుకి పంపాలని చెప్పి అతను ఫైలు పక్కకు జరిపాడు. పోనీ హరిణి చేసిన మిగతా కేసులైనా చూడమన్నాడు అనంతరావు.

"అవి గూడ బయటికే పంపున్రి సర్."

"అవెందుకు?"

నవనీత్ హరిణి వైపు తిరిగాడు.

"మేడం నాకు అయినోళ్లయితరో కాదో తెల్వదు. అయితే బాగుండని ఉంది. గట్ల అనుకునేటోడు ఆడిట్ చెయ్యొద్దు గద సర్."

ఈసారి కూడా అందరూ హరిణి మొహంలోకే చూశారు. ఆమె తల ఎత్తలేదు. పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"పంపెయ్యున్రి సర్," అంది మెల్లగా. "బయటికే."