బాన్సువాడ ఇంటి పెత్తనం

హరనాథబాబు ఏ సంగతైనా కాఫీ సగం తాగాక చెప్తాడు. మిగతా సగం పూర్తయ్యేలోపు ఇంట్లోవాళ్లు ఒప్పుకుని తీరాలన్నది ఆయన లెక్క. ఆ శ్రావణమాసపు పొద్దున కూడా బయట ముసురు పట్టి ఉండగా, గ్లాసు వంటింటి గట్టు మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే నెల నుంచి బాన్సువాడ ఇల్లు మోతీరాం చూసుకుంటాడు. మాట్లాడేశాను. ఇవాళ అక్కడికి రమ్మన్నాను, ఇల్లు చూపించి అప్పగించేద్దాం."

రాధాకుమారి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద పెసరట్టు ఒక పక్క మాడింది.

ఊళ్లలో ఉండే ఆసాములకు బాన్సువాడలో ఇళ్లుంటే వాటిని అద్దెకివ్వడం, వసూళ్లు, మరమ్మతులు అన్నీ చూసిపెట్టి అందులో తన వాటా తాను తీసుకునే మనిషి మోతీరాం. చెడ్డవాడేం కాదు. కానీ ఆయన చేతిలో పెట్టిన ఇంటికి అసలు యజమానులు చుట్టాల్లా వచ్చి పోవడమే.

"నన్నడగలేదేం?" అంది రాధాకుమారి.

"అడిగేదేముంది? నీకు తిప్పలు తప్పుతాయని. నెలనెలా బస్సులో పడి వెళ్లి రావడం తక్కువ పనా?"

"నాకు కష్టమని ఎప్పుడైనా అన్నానా?"

"నువ్వనవు. ఇల్లు అంటోంది. మొన్న ఎరువుల కోసం వెళ్లి అటు తొంగిచూశాను. ఇంట్లో ఎవరూ లేరు. డాబా ఎక్కి చూస్తే ఏముందో తెలుసా? నారు పోశారు."

"డాబా మీద నారేమిటండీ?"

"బుట్టల నిండా మట్టి, మట్టి నిండా మొలక. పైగా పందిరి కూడా. కింద స్లాబంతా చెమ్మ. నాట్లు అయిపోయే వేళకి నారు పోసే తెలివైనవాళ్లు దొరికారు మన ఇంటికి." వరి పండించే మనిషికి స్లాబు తడవడం కంటే ఆ అదను తప్పడమే ఎక్కువ ఒళ్లు మండించినట్టుంది. "నీకు కాదనడం రాదు రాధా. అదే వచ్చిన చిక్కు. మోతీరాంకి అది బాగా వచ్చు."

గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు నాగేశ్వరమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది వింతే. ఆ ఇంట్లో ఆవిడ తల దూర్చని విషయం ఇంతవరకూ పుట్టలేదు.

"నా మోకాలి మందు అయిపోయింది, నేనూ వస్తాను," అని మాత్రం అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న రాధాకుమారి దారంతా ఆ ఇంటి గురించే తలపోసింది. నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కుని తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న క్యాంపు తమది. ఆమె పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం అమ్మి, బాన్సువాడలో ఆ ఇల్లు ఆమె పేరునే కట్టారు. డెబ్భై రెండులో స్లాబు పోసిన ఎండాకాలం, బిందెలతో నీళ్లు మోసి దాన్ని తడిపింది తనే. నెలకోసారి కూరగాయల సంచీ పట్టుకుని వెళ్లి, వెనక వాటాలో అద్దెకుండే గౌరీబాయితో అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే, ఆ కాసేపూ ఎవరి కోడలూ కాదు, ఎవరి భార్యా కాదు. ఈసారి నాట్ల పనిలో పడి వెళ్లడం కుదరలేదు, ఇంతలోనే ఈ తంటా. మోతీరాం చేతికి తాళంచెవులు వెళ్తే ఇక ఏ పనిమీద బస్సెక్కుతుంది? ఇల్లు కాగితం మీద ఉంటుంది, అంతే.

వాళ్లు వెళ్లేసరికి మోతీరాం గొడుగు ముడిచి గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు. నాగేశ్వరమ్మ మెట్లెక్కలేనని కింద అరుగు మీద కూలబడింది. మిగతా ముగ్గురూ డాబా ఎక్కారు. పందిరి కింద మంచె మీద వరసగా వెదురుబుట్టలు, వాటి నిండా బెత్తెడు మొలక, లేత పసుపు తిరిగిన ఆకుపచ్చ. గౌరీబాయి కూతురు చాంద్రి చెంబుతో నీళ్లు చిలకరిస్తోంది.

"దింపియ్యాల్నా సారూ?" అన్నాడు మోతీరాం.

"దింపించు. మొదటి పని ఇదే."

మోతీరాం ముందుకు రాగానే చాంద్రి చెంబు కింద పెట్టి మంచెకి అడ్డంగా నిలబడింది. "ముట్టొద్దు మామా. అమ్మా, ఓ అమ్మా," అని కిందికి కేకేసింది. పిండి చేతులతోనే గౌరీబాయి మెట్లెక్కి వచ్చింది.

"అన్నా, గవి నారు గాదు. తీజ్ అన్నా. మా తండాల పెండ్లి గాని పిల్లలు పోస్తరు. తొమ్మిది రోజులు నీళ్లు వెట్టి, పాటలు వాడి, ఆఖరికి వాగుల కలుపుతరు. గప్పటిదాంక ఆ పిల్లలు దప్ప ఇంకొకలు ముట్టొద్దు. ఈయేడు ఈళ్ల నాయన దవాఖానల డ్యూటీ ఇడిసి రాలే, మేం తండాకు పోలే. బస్తీలున్న మా పిల్లలంత ఈడనే పోసుకున్నరు."

హరనాథబాబు వంగి బుట్టలోకి చూశాడు. దగ్గరగా చూస్తే తెలిసింది. వరి కాదు, గోధుమ. ఇరవై ఏళ్లుగా ఈ నేల మీద పంట తీస్తున్నాడు, తండాల్లో తీజ్ చేస్తారని వినడమే కానీ ఒక్కనాడూ వెళ్లి చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా అంత తేలిగ్గా తగ్గితే ఆయన హరనాథబాబు ఎందుకవుతాడు?

"ఏదైతేనేం, నీళ్లు నీళ్లే, స్లాబు స్లాబే. ఎవరినడిగి పెట్టారు?"

గౌరీబాయి కళ్లు దించుకుంది. అప్పుడు మెట్ల మీద నుంచి ఆయాసపడుతూ ఒక గొంతు వినిపించింది.

"నన్నడిగి పెట్టారు," అంది నాగేశ్వరమ్మ, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ. "పోయినసారి మందు కొనుక్కోడానికి వచ్చినప్పుడు గౌరి అడిగింది. పెట్టుకోమన్నాను. పొద్దున చెబుదామంటే నీ కాఫీ ఇంకా సగం ఉంది."

రాధాకుమారికి అత్తగారి మీద కోపం రాలేదు. గౌరీబాయి వైపు చూసింది. ఇన్నేళ్లు అరుగు మీద పక్కపక్కన కూర్చున్న మనిషి.

"నన్నెందుకు అడగలేదు గౌరీ? ఒక్క మాట కబురు చేస్తే వచ్చేదాన్ని కదా."

గౌరీబాయి పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నిన్నడిగితే ఏమంటవక్కా? మా ఆయన్ను అడిగి చెప్త అంటవు. సున్నమేపియ్యమంటే గదే మాట. బాయికి గిరక వెట్టియ్యమంటే గదే మాట. మల్లా నెలకు వచ్చి, ఆయన వద్దన్నడు అంటవు. తీజ్ గట్ల ఆగుతదా? అవ్వ అయితే ఆడికాడనే చెప్తది."

రాధాకుమారికి మొహం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. నిజమే. సున్నం సంగతి భర్తకి ఎప్పుడూ చెప్పనేలేదు. గిరక సంగతీ చెప్పలేదు. కాదనాల్సి వచ్చినప్పుడల్లా మొహమాటపడి, ఆ చెడు ఆయన నెత్తిన వేసి తాను మంచిదనిపించుకుంది. ఇల్లు తనదని ప్రాణం పెట్టుకుంది కానీ, ఆ ఇంటి మీద చెల్లే మాట తనది కానివ్వలేదు. మాట లేని ఇంటికి ఎవరో ఒకరు పెద్దమనిషిని వెతికి తెస్తే తప్పెవరిది?

"చూశావా?" అన్నాడు హరనాథబాబు, ఈసారి కాస్త మెత్తగానే. "అందుకే మోతీరాం ఉంటే…"

"మోతీరాంగారూ, ఆ బుట్టల జోలికి వెళ్లకండి," అంది రాధాకుమారి.

"రాధా, నలుగురిలో ఏమిటిది?"

"మీరూ నలుగురిలోనే కదండీ నా ఇల్లు అప్పగిస్తున్నారు."

రాధాకుమారి గౌరీబాయి వైపు తిరిగింది.

"ఈ ఏడు పండగ ఇక్కడే చేసుకోండి. ఎవరూ అడ్డు రారు. వచ్చే ఏడు మాత్రం డాబా మీద వద్దు. స్లాబు నీళ్లు తాగుతోంది, ఆయన చెప్పింది నిజమే. పెరట్లో బావి పక్కన మేకలకి అందకుండా ఎత్తుగా మంచె వేయిస్తాను. గిరక ఈ వారమే పెట్టిస్తాను. సున్నం మాత్రం దసరా దాకా కుదరదు. ఎవరినో అడిగి చెప్పడం కాదు, నేనే చెప్తున్నాను."

"గిట్ల ముందుగాల నుంచే చెప్తే నాకు గీ ఫికరెందుకక్కా," అంది గౌరీబాయి. మిద్దె మీద వద్దన్నందుకు ఆమెకేమీ కష్టం కలిగినట్టు లేదు. కాదన్నా మనుషులు మనవాళ్లుగానే ఉంటారని రాధాకుమారికి నలభయ్యో పడిలో పడ్డాక తెలిసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చాంద్రి చెంబు తీసుకుని మళ్లీ తన పనిలో పడింది.

మోతీరాం గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "సారూ, ఇగ నా సంగతేంది మరి?"

హరనాథబాబు భార్య మొహంలోకి చూశాడు.

"నన్నడిగితే ఎట్లా మోతీరాం? ఇల్లు ఆవిడది. ఆవిణ్ణడుగు."

"ప్రస్తుతానికి నేనే చూసుకుంటానండీ," అంది రాధాకుమారి. "మంచి గిరక ఎక్కడ దొరుకుతుందో చెప్తే చాలు." మోతీరాం ఫలానా కొట్టు అని చెప్పి, గౌరీబాయి ఇచ్చిన టీ తాగి, ఏ పట్టింపూ లేకుండా వెళ్లిపోయాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ముసురు తెరిపిచ్చింది. నాగేశ్వరమ్మ మందుల షాపు ముందు బల్ల మీద కూర్చుంది. భార్యాభర్తలు ఇద్దరే మిగిలారు.

"గిరక నేనే వద్దన్నానా?" అన్నాడు హరనాథబాబు.

"మీరే."

"సున్నం కూడానా?"

"మీరేనండీ."

"అందుకా, నేనా ఇంటికి వెళ్తే చాలు, అందరూ లేచి లోపలికి పోతారు. గౌరవమనుకున్నాను ఇన్నాళ్లూ."

రాధాకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగి నిలబడ్డాడు.

"నీ బరువు తగ్గిద్దామనుకున్నానే కానీ, అది నీ సంతోషమని నాకు తట్టలేదు రాధా. అడగాల్సింది." మళ్లీ తనే అన్నాడు, "సరే, బస్సొచ్చేలోగా చెప్పు. ఈ ఆరేళ్లలో నేనింకా ఏమేం వద్దన్నాను?"

"మీరు చాలా కఠినులండీ," అంది రాధాకుమారి కళ్లు తుడుచుకుంటూ. "పోయిన ఏడాది నుంచి మొదలుపెడతాను, వినండి."