ఎర్రన్నం వండిన రోజు

“స్కాలర్‌షిప్ అంటే బహుమతి అనుకున్నావటే పిచ్చిదానా? అప్పే అది! వడ్డీతో సహా తీర్చాల్సిన అప్పు!”

కాన్జీ బూట్లు విప్పలేదు, లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి కేకలు పెడుతున్నాడు. వంటగదిలో చేపలు శుభ్రం చేస్తున్న తొమోయే చేతిలోంచి కానాగంత జారి సింకులో పడింది. సొంత అన్నయ్య! ఏనాడూ గొంతెత్తి మాట్లాడని మనిషి!

“హామీ ఉన్నావు, నువ్వు కట్టమని అప్పిచ్చినవాళ్ళు నాకు ఫోన్ చేశారు. నీ కూతురు నెలనెలా కట్టాల్సింది కట్టడం లేదట. ఏడాది కిందటే కాలేజీలో దాని పేరు కొట్టేశారట. తెలుసా నీకు?”

“పేరు కొట్టేశారా? ఏం మాటలన్నయ్యా అవి! హోనామికి పరీక్షలు జరుగుతున్నాయి. మొన్న ఆదివారం కూడా చెప్పిందే...”

“చెప్తుంది, చెప్పకేం! ‘స్కాలర్‌షిప్ కాగితం అన్నయ్యా, ఇక్కడొక ముద్ర వెయ్యి’ అని నువ్వంటే నేను టీ తాగుతూ వేసెయ్యలేదూ? ఇంట్లో మీ వదిన నా మొహం చూడటం లేదు తెలుసా?” కాన్జీ తలుపు పిడి పట్టుకున్నాడు. “ముసలితనానికని దాచుకున్నది పోతుందే తొమోయే... ఇక ఈ గుమ్మం తొక్కను.”

తలుపు మూసుకుంది. మూలన కూర్చున్న భర్త కియోషి తలెత్తలేదు. నోరు తెరిచి ఒక్క మాట అనొచ్చుగా ఆ మనిషి! అనడు. పడవ మీద గాలితో, అలలతో మాట్లాడినా మాట్లాడతాడు గానీ ఇంట్లో పెళ్ళాంతో మాట్లాడడు.

ఈ దేశంలో దాని పేరే అంత. ఇచ్చేది అప్పు, పిలిచేది స్కాలర్‌షిప్. కూతురికి స్కాలర్‌షిప్ వచ్చిందని స్కూల్లో మాస్టారు చెప్పగానే తొమోయే పొంగిపోయింది! చేపల ఫ్యాక్టరీలో చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు వంకరపోయిన ఆమెకు, తన కడుపున పుట్టిన పిల్ల బహుమతి గెలిచిందంటే అంతకన్నా ఏం కావాలి? సంతకానికి బదులు వేసే ఇంటి ముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేసింది. ఆ సాయంత్రమే ఎర్రటి అజుకి గింజలు ఉడికించి, శుభకార్యాలకు వండే ఎర్రన్నం పెద్ద గిన్నె నిండా వండింది. వీధిలో ఇంటింటికీ పంచింది. “మా పెద్దదానికి స్కాలర్‌షిప్పండీ!” అని చెప్పుకుంటూ నవ్వింది, ఏడ్చింది.

ఆ రోజు హోనామి వంటగది గుమ్మంలో నిలబడి, “అమ్మా, నీకో మాట చెప్పాలి” అంది. “ముందు ఈ గిన్నె పక్కింటి ఉమే మామ్మకి ఇచ్చిరా!” అని తరిమింది తొమోయే. ఆ మాట ఏమిటో ఆమె మళ్ళీ అడగనే లేదు...

అది ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. తరువాతి ఏడాది పడవ ఇంజను చెడిపోయింది. తొమోయే ఫోన్ చేసి, “నీకెలాగూ ఊరికే వచ్చే డబ్బే కదే, కొంచెం పంపితే ఏం పోతుంది?” అంది. “ఎంతమ్మా?” అని వినిపించింది అవతలినుంచి. తరువాత, “సరేనమ్మా, పంపుతాను” అంది హోనామి. వేసవి సెలవుల్లో మరోసారి అడిగింది. ఆ తరువాత మళ్ళీ...

అయ్యో! ఎన్నిసార్లు అడిగానో నాకే గుర్తులేదే! అని తొమోయే గుండెలు బాదుకుంది. తెల్లారగానే కూతురుండే సెందాయ్ నగరానికి బస్సెక్కింది. గదికి తాళం ఉంటే, పక్కగదివాళ్ళు చెప్పిన దారిన వెళ్ళి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాచుకుంది.

హోనామి భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో పని ముగించుకుని గేటు బయటికొచ్చింది. తలకు పెట్టుకున్న తెల్లటోపీ గీత ఇంకా నుదుటి మీద ఉంది. చిక్కి సగమైపోయింది పిల్ల! తల్లిని చూసి ఆగిపోయింది.

“మామయ్యకి ఫోన్ వచ్చిందా?” అంది నెమ్మదిగా.

“ఎందుకు చెప్పలేదే! అప్పని ఒక్కమాట చెప్తే నేను అడిగేదాన్నా? నీ ఫీజు డబ్బు తిన్న పాపిష్టిదాన్ని అయ్యాను కదే!”

“ఎలా చెప్పనమ్మా? ఎర్రన్నం వీధంతా పంచేశావు. గిన్నెలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి తిరిగి అడుక్కు రావాలా?” నవ్వబోయింది హోనామి. నవ్వు రాలేదు. “నువ్వట్లా నవ్వడం అంతకుముందు చూడలేదమ్మా. ఒక్క రోజుంటుంది, ఉండనీ అనుకున్నాను. అది రోజులు గడిచేకొద్దీ ఇంకా చెప్పలేకపోయాను. ఫీజు కట్టలేక వాయిదా అడిగాను, మళ్ళీ అడిగాను... పేరు తీసేశారు.”

“పడవ అమ్మేద్దాం! మళ్ళీ చేరుదువు గానీ...”

“ఆ పడవ ఎవరు కొంటారమ్మా? కొన్నా ఈ అప్పులో సగం కూడా తీరదు. పిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం వస్తే తీర్చగలిగేదాన్నేమో. ఇక్కడొచ్చేది గది అద్దెకే చాలదు.”

“దివాలా అని రాసిస్తే అప్పు పోతుందంటారు కదే?”

“నా మీద నుంచి పోతుంది. మామయ్య మీద పడుతుంది. మామయ్య ఇంటి మీదికి తేనా?”

తొమోయే నడిరోడ్డు మీద కూతురి చేతులు పట్టుకుని భోరున ఏడ్చింది. ఆ చేతులూ తన చేతుల్లాగే గరుకెక్కి ఉన్నాయి. హోనామి మాత్రం ఏడవలేదు.

“అమ్మా, నా సంగతి అయిపోయింది. రెండు పనులు చేస్తాను, మామయ్యకి మెల్లగా కడతాను. ఒక్కటే అడుగుతున్నా... చెల్లిని చదివించు. షిహో నాకన్నా తెలివైంది. అదొక్కతి బయటపడితే చాలు నాకు. మాటియ్యి!”

తొమోయే మాటిచ్చింది. దేనితో చదివిస్తుందో తెలియదు. అయినా ఇచ్చింది.

ఇంటికి చేరేసరికి షిహో గుమ్మంలోకే పరుగెత్తుకొచ్చింది. స్కూలు బట్టలు కూడా మార్చలేదు.

“అమ్మా! నాకూ వచ్చింది! మాస్టారు చెప్పారు, కాగితాల మీద ముద్ర వేయిస్తే చాలట. అక్కకి వండినట్టు నాకూ ఎర్రన్నం వండుతావా?”

కియోషి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఈసారి తొమోయే దాచలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది... అది అప్పని, అక్క తమకోసం ఏం పోగొట్టుకుందో, మామయ్య ఎందుకు రాడో. షిహో మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోవడం కళ్ళారా చూసింది. షిహో వేలితో చాప అంచు గీరుతూ కూర్చుంది.

“అప్పైతే వద్దులేమ్మా” అంది చివరికి. “మీ ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారుగా. నేనూ వస్తాను.”

కాదు, నువ్వు చదవాలి! అని అరవాల్సిన తల్లి అరవలేదు. ఆ క్షణంలో ఆమెకు గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది... హమ్మయ్య, ఇంకో అప్పు లేదు! ఛీ, కన్నతల్లి మనసు ఇట్లా ఉంటుందా! తనను తానే తిట్టుకుంది. అయినా పిల్లతో చదువుకోమని అనలేకపోయింది.

అక్కకి ఫోన్ చేసింది షిహోయే. “అక్కా, నేను కాలేజీకి వెళ్ళడం లేదు. అమ్మతో పాటు ఫ్యాక్టరీలో చేరుతున్నా. నీ అప్పు ఇద్దరం కడదాం...” అంటూ ఉంటే, ఫోన్‌లోంచి హోనామి ఏడుపు వంటగదిలో బియ్యం కడుగుతున్న తొమోయేకి వినిపించింది. పేరు కొట్టేసినప్పుడు ఏడవని పిల్ల, రోడ్డు మీద తల్లి ఏడుస్తున్నా ఏడవని పిల్ల, ఆగకుండా ఏడుస్తోంది.

కిటికీలోంచి ఉమే మామ్మ తొంగి చూసింది. “ఏమ్మా తొమోయే, మీ స్కాలర్‌షిప్ పిల్ల ఎలా ఉంది? చదువు అయిపోవచ్చిందా?”

“బాగుంది మామ్మా,” అంది తొమోయే. “అయిపోయింది.”

తడి చేతులు తుడుచుకుని, తెల్లన్నమే పొయ్యి మీద పెట్టింది.