కప్పని దుప్పటి

ఇంగ్విల్ పరిగెడుతోంది.

కాలి కింద మంచు. కళ్లలో మంచు. నీళ్లకి అవతల ఉల్వోయా దీవి కూడా కనిపించడం లేదు. ఎదురుగా విమానం పెట్టే హ్యాంగర్... దీపం లేకుండా, నల్లగా!

ఇంకా మధ్యాహ్నమే. కానీ ధ్రువం దగ్గరి ఈ ఊళ్లో ఈ నెలంతా సూర్యుడు రాడు. కాసేపు నీలం వెలుగు, అంతే. ఆ వెలుగులోనే ఎగరాలి. ఆ వెలుగులోనే దిగాలి.

అది పోయి చాలాసేపయింది.

"చేరావా?" కోటు జేబులో ఫోను అరుస్తోంది. రెస్క్యూ సెంటర్ డ్యూటీ మనిషి, ఎయిలిఫ్.

"ఆగు! వస్తున్నా!"

"దిగానని మీ తమ్ముడు మెసేజ్ పెట్టాడంటావు. మళ్లీ దిగలేదంటావు. పోయిన వారం మీ క్లబ్బువాడొకడి కోసం సముద్రమంతా గాలించాం. ఎక్కడ దొరికాడో తెలుసా? ఇంట్లో, ఆవిరిస్నానం చేస్తూ!"

"ఆడున్ అలాంటివాడు కాదు."

"అందరూ అలాంటివాళ్లే. హ్యాంగర్ చూడు. విమానం లేకపోతే హెలికాప్టర్ లేపుతా. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు."

ఫ్లయింగ్ క్లబ్బు పైలట్లకి కాపలా ఇంగ్విల్. ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఆమెకి చెప్పే ఎగురుతారు. దిగానని చెబితే ఆ ప్రయాణం ప్లాన్ మూసేస్తుంది. చెప్పకపోతే వెతుకులాట మొదలు.

మూసిన ప్లాన్ కోసం ఎవరూ వెతకరు.

ఇందాక ఆడున్ ఫోను నుంచి మెసేజ్ వచ్చింది. 'దిగాను. మూసెయ్.'

ఆమె వేలు బటన్ దాకా వెళ్లింది...

కానీ ఆమె టేబుల్ మీద పచ్చదీపం వెలగలేదు!

ఈ చలిలో ఎవరు దిగినా మొదటి పని ఒకటే. ఇంజన్ గడ్డకట్టకుండా విమానం ముక్కు మీద దుప్పటి కప్పి, హీటర్ ప్లగ్గు పెట్టడం. హ్యాంగర్లో ప్లగ్గు పెడితే ఆమె టేబుల్ మీద ఆ దీపం వెలుగుతుంది. ఆడున్ అయితే చంటిపిల్లకి కప్పినట్టు కప్పుతాడు. ఆ తర్వాతే ఫోను తీస్తాడు.

హ్యాంగర్ తలుపు తోసి లైటు వేస్తుంది.

ఖాళీ!

విమానం లేదు. దుప్పటి మేకుకే వేలాడుతోంది, పొడిగా.

పక్క మేకూ ఖాళీయే. ఆకాశంలోకి ఎర్ర మంట పేల్చే, నాన్న పడవలోని సిగ్నల్ పిస్టల్ ఉండే మేకు అది. పొద్దున తనే బలవంతంగా వాడి చేతిలో పెట్టింది. "దీన్ని మ్యూజియంలో పెట్టక్కా!" అని నవ్వాడు.

"ఏంటక్కా, ఇంత పరుగు?"

గిరుక్కున తిరుగుతుంది!

మూలన స్టైనార్. ఆడున్‌తో కలిసి ఆ విమానం కొన్నవాడు. ఒక చేతిలో ఖాళీ డబ్బా. ఇంకో చేతిలో ఆడున్ ఫోను.

భుజాన వేట తుపాకీ.

"వాడి ఫోను నీ దగ్గరెందుకుంది?"

"మర్చిపోయి వెళ్లాడు." నవ్వుతున్నాడు. "ప్లాన్ మూసేశావా?"

ఇంగ్విల్ తుపాకీ వైపు చూస్తుంది.

"మూసేశా."

స్టైనార్ గట్టిగా ఊపిరి వదులుతాడు.

"విమానమేదిరా?"

"నువ్వు రాకుండా ఉండాల్సిందక్కా." తుపాకీ భుజం దిగుతుంది. "విమానంలోంచి దొంగతనంగా లింక్స్ అడవిపిల్లుల్ని కాలుస్తున్నానని పోలీసులకి చెప్తాడట! కాళ్లావేళ్లా పడ్డా. వింటేగా?"

"ఏం చేశావు?"

"పెట్రోల్లో నీళ్లు పోశా. చలికి గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. లైట్‌హౌస్ దాటాక, నడిసముద్రంలో... కూలితే సిగ్నల్ పంపే బీకన్ కూడా అరవదు. దాని బ్యాటరీ నా జేబులో ఉంది."

ఇంగ్విల్ గొంతు పెంచుతుంది. "లైట్‌హౌస్ దాటాకా?"

"అవును. ఇక ఎవరూ వెతకరు. మూసింది నువ్వేగా!"

"మూయలేదు."

"ఏంటీ?"

"దుప్పటి కప్పందే నేనేదీ మూయను, స్టైనార్."

కోటు జేబు మాట్లాడుతుంది. "అంతా విన్నాం, ఇంగ్విల్! హెలికాప్టర్ లేస్తోంది. లైట్‌హౌస్ వైపే!"

స్టైనార్ మొహం పాలిపోతుంది. తుపాకీ లేస్తుంది. గొట్టం సూటిగా ఆమె గుండెకి!

"నన్ను మాటల్లో పెట్టి..."

ఢాం!

ఇంగ్విల్ కళ్లు మూసుకుంటుంది.

నొప్పి లేదు. రక్తం లేదు...

కళ్లు తెరుస్తుంది. స్టైనార్ తన తుపాకీనే వెర్రిగా చూసుకుంటున్నాడు. వేలింకా ట్రిగ్గర్ మీద పడనేలేదు.

వాడు పేల్చలేదు!

తలుపు బయట మంచు ఆగింది. అవతల ఉల్వోయా మీద ఆకాశం ఎర్రగా మండుతోంది. నాన్న సిగ్నల్ పిస్టల్!

ఇంజన్ ఆగిన విమానాన్ని గాల్లో ఇంటివైపే జార్చుకుంటూ వచ్చాడు తమ్ముడు. ఆ దీవి దాకా వచ్చేశాడు!

"ఎయిలిఫ్! లైట్‌హౌస్ కాదు! ఉల్వోయా! దీవి మీదే ఉన్నాడు, బతికే ఉన్నాడు!"

"హెలికాప్టర్‌ని తిప్పుతున్నా! ఆ పేలుడేంటి? నీకేమైనా తగిలిందా?"

స్టైనార్ ఆ ఎర్ర వెలుగునే చూస్తున్నాడు, తుపాకీ గొట్టం మెల్లగా నేలకి వాలుతోంది.

"ఇంగ్విల్! తగిలిందా అంటుంటే!"

ఇంగ్విల్ మేకు మీది దుప్పటి తీస్తుంది. తమ్ముడికి కప్పడానికి.

"నాక్కాదు. స్టైనార్‌కి."