తోడుపట్టీ

ట్రెడ్‌మిల్ మీద అమ్మాయి పరుగెత్తుతోంది. పక్కగదిలో కుర్చీలో కూర్చున్న వాళ్ళమ్మ తన కాలు పట్టుకుంది.

రెండు గదులకీ మధ్య అద్దపు గోడ. దాని దగ్గర నిలబడి డాక్టర్ ఫణిభూషణ్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. రెండు నెలలుగా ఆ అమ్మాయి మూడు నిమిషాలకి మించి పరుగెత్తలేదు. ఇప్పుడు ఏడో నిమిషం నడుస్తోంది. ముఖంలో నొప్పి జాడ లేదు.

"ఎక్కడ తెలుస్తోందమ్మా?" అని మైకులో అడిగాడు.

"మోకాలి కింద బాబూ. ఎముక లోపలి అంచు వెంబడి. జానెడు మేర సలుపుతోంది."

"పదిలో ఎంత వేస్తావు?"

ఆమె కాసేపు ఆలోచించి, "రెండు" అంది.

డాక్టర్ ఆ అంకె రాసుకున్నాడు. ఆ తరవాత ఆరు వారాలు ఆమె చెప్పిన ప్రతి అంకెనీ అలాగే రాసుకున్నాడు.

ఆ అమ్మాయి పేరు సూరాడ చంద్రకళ. తల్లి ఎర్రమ్మ. భీమిలికి ఉత్తరాన ఉన్న వాళ్ళ ఊరిని సముద్రం మింగేశాక, ప్రభుత్వం తీరం పొడవునా కాంక్రీటు కట్ట కట్టి, దాని వెనక కొత్త కాలనీల్లో అందరినీ కుదిర్చింది. పెద్ద తుఫాను వస్తే మొదట టవర్లు పడిపోతాయి. ఫోన్లు మూగబోతాయి, డ్రోన్లు గాలికి నిలవవు. అప్పుడు కట్ట మీద కాలనీ నుంచి కాలనీకి పరుగెత్తి, ఏ గేటు మూయాలో, ఎవరు ఎటు పోవాలో చెప్పడానికి మనుషులే కావాలి. ఆ పని చేసేవాళ్ళని తుఫాను దళం అంటారు.

చంద్రకళ తండ్రి చనిపోయిన నాటికి ఆ దళం ఇంకా లేదు. తెగిన గేటు దగ్గరకి వెళ్ళొద్దని చెప్పేవాడు లేక ఆయన అటే వెళ్ళాడు. అప్పుడు ఆమెకి పన్నెండేళ్ళు. అప్పటినుంచి దళంలో చేరడం తప్ప ఆమెకి వేరే ఆలోచన లేదు. ఇప్పుడు ఇరవై రెండు నిండాయి. వయసు ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. కట్ట మీద పది కిలోమీటర్లు యాభై అయిదు నిమిషాల్లో పూర్తిచెయ్యాలి.

అయితే కాంక్రీటు మీద రోజూ పరుగెత్తి పరుగెత్తి ఆమె ముంగాలు పాడైంది. మొదట్లో పరుగు మొదలెట్టగానే నొప్పి వచ్చి, ఒళ్ళు వేడెక్కాక తగ్గిపోయేది. తరవాత పరుగంతా ఉండేది. ఆ తరవాత నడిచినా ఉండేది. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఫణిభూషణ్ వేలితో ఎముక వెంబడి నొక్కి చూసి చెప్పాడు.

"ఎముక కూడా మనిషిలాంటిదే. పగలు అరిగినదాన్ని విశ్రాంతిలో పూడ్చుకుంటుంది. నువ్వు ఆ వ్యవధి ఇవ్వడం లేదు. ఇప్పటికి నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంది కాబట్టి వాపు మాత్రమే. ఇదే ఒకచోట, వేలిముద్ర అంత మేరకి వచ్చిందంటే ఎముక చిట్లుతున్నట్టు. రెండు నెలలు పరుగు మానెయ్."

"పరీక్ష ఆరు వారాల్లో ఉంది సార్."

"అయితే పరీక్షే మానెయ్యక తప్పదు."

ఆ అమ్మాయి ఏడవలేదు. కుర్చీలోంచి లేచి, కుంటుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. ఎర్రమ్మ మాత్రం కదల్లేదు. గోడ మీద అతికించి ఉన్న బొమ్మ కేసి చూస్తోంది. అందులో ఇద్దరు మనుషులు, ఇద్దరి కాళ్ళకీ పట్టీలు.

"అదేటి బాబూ?" అంది.

అదే తోడుపట్టీ. ఫణిభూషణ్ పన్నెండేళ్ళ శ్రమ. మోకాలి కింద కట్టుకునే రెండు మెత్తటి పట్టీలు, వాటిలో సన్నటి సెన్సర్లు. మొదటి పట్టీ, కాలి నుంచి మెదడుకి వెళ్ళే నరాల్లో నొప్పిని మోసే పోగుల్ని మాత్రం పట్టుకుని, ఆ సంకేతాన్ని అక్కడే ఆపేస్తుంది. స్పర్శ, బలం, కదలిక మామూలుగానే ఉంటాయి. ఆపిన సంకేతం ఎంత దూరమున్నా వైర్‌లెస్‌లో రెండో పట్టీకి చేరుతుంది. అది కట్టుకున్న మనిషికి అదే చోట, అదే నొప్పి కలుగుతుంది. రోగి నొప్పి ఎలాంటిదో డాక్టర్‌కి స్వయంగా తెలియాలన్నది అసలు ఉద్దేశం. నొప్పిని మాటల్లో చెప్పేవాళ్ళనీ, ఆ మాటల్ని నమ్మని డాక్టర్లనీ ఆయన చాలామందిని చూశాడు.

రెండో పట్టీతోపాటు ఒక ఎర్ర బటన్ ఉంటుంది. నొప్పి నాలుగు దాటితే మోసేవాళ్ళు దాన్ని నొక్కాలి. మొదటి పట్టీ వెంటనే ఆగిపోతుంది. నొప్పి సొంత కాలికి తిరిగొస్తుంది, పరుగు ఆగుతుంది. పదిమంది డాక్టర్ల మీద పరీక్షిస్తే పదిమందీ నాలుగు రాకముందే నొక్కేశారు.

ఎర్రమ్మ అంతా విని, "నాకు కట్టండి" అంది.

"నేను నొప్పిని చంపెయ్యడం లేదమ్మా. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి మారుస్తున్నానంతే. దాన్ని వినే మనిషి ఉండాలి. వినగానే చెప్పాలి."

"నా కూతురి కాలు బాబూ. నాకంటే ఎవరు వింటారు?"

ఆ మాట ఆయనకి సబబుగానే తోచింది. డాక్టర్లే అంత త్వరగా ఆపితే, కన్నతల్లి ఇంకా ముందే ఆపుతుందనుకున్నాడు. రోజు విడిచి రోజు పరుగెత్తాలనీ, సగం దూరం ఇసుక మీద పోవాలనీ నియమం పెట్టి, పట్టీలు ఇచ్చాడు. ఇద్దరూ వాటిని పగలూ రాత్రీ విప్పలేదు.

ఎర్రమ్మ ముప్ఫై ఏళ్ళు నెత్తిన చేపల గంప పెట్టుకుని తిరిగిన మనిషి. కాన్పు రోజు కూడా పొద్దున ఆరు వీధులు తిరిగి వచ్చింది. తన ఒంట్లో ఏదైనా నొప్పి ఉందని ఆమె ఎవరితోనూ చెప్పగా కాలనీలో విన్నవాళ్ళు లేరు. ఈ సంగతి డాక్టర్‌కి తెలియదు. తెలిసినా అందులో ప్రమాదం ఉందని తోచేది కాదేమో.

రెండో వారం ఆమె రెండు అని చెప్పింది. మూడో వారం కూడా రెండే. నాలుగో వారానికి నొప్పి జానెడు మేర నుంచి కుంచించుకుని ఒక్కచోటికి చేరింది. చేపలు కోస్తూ కూర్చున్నప్పుడు కూడా అక్కడ మేకు దిగుతున్నట్టుండేది. కూతురు పరుగు నుంచి వచ్చిన ప్రతిసారీ అడిగేది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"కొంచెం."

"నిజం చెప్పు. ఎక్కువైతే ఆపేద్దాం."

"ఎక్కువేటి. నువ్వు పరిగెట్టు."

ఒకసారి తల్లి ద్వారబంధం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉండగా చంద్రకళ చూసింది. తిమ్మిరెక్కిందని చెప్పింది ఎర్రమ్మ. చంద్రకళ నమ్మింది. ఆమెకి నమ్మాలని ఉంది. అప్పటికి పది కిలోమీటర్లు యాభై ఆరు నిమిషాల్లో పూర్తిచేస్తోంది.

అయిదో వారం ల్యాబ్‌కి వచ్చినప్పుడు ఫణిభూషణ్ గ్రాఫు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"సంకేతం బాగా పెరిగిందే. మీకేమీ తేడా తెలియలేదా?"

"మూడు ఉంటాది బాబూ."

ఆయన చంద్రకళ ముంగాలిని బొటనవేలితో నొక్కాడు. ఆ అమ్మాయికి ఏమీ తెలియలేదు. ఆయన ఎర్రమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె కుర్చీ చేతిని పట్టుకుని ఆయన్నే చూస్తోంది. ముఖం కదల్లేదు. పట్టీ తీసేసి నొక్కి చూద్దామనిగాని, స్కాన్ చేయిద్దామనిగాని ఆయన అనుకోలేదు. మరో నెలలో పెద్ద సదస్సులో ఈ కేసు గురించి మాట్లాడాలి. మూడు అనే అంకె ఆయనకీ కావలసిన అంకే.

పరీక్ష రోజు పొద్దున కట్ట మీద జనం బాగానే ఉన్నారు. ఎర్రమ్మ ముగింపు గీత దగ్గర, తాడుకి ఇవతల నిలబడింది. డ్రోన్ పంపే బొమ్మ పెద్ద తెర మీద కనిపిస్తోంది. ఎనిమిదో కిలోమీటరు దాటేసరికి చంద్రకళ నాలుగో స్థానంలో ఉంది. సమయం సరిపోతుంది. ఎర్రమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. బటన్ ఆమె చేతిలోనే ఉంది. ఇంకా రెండే కిలోమీటర్లు, పది నిమిషాలు. పది నిమిషాలేగా అనుకుంది.

తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర ఎర్రమ్మ పెద్ద కేక పెట్టి పడిపోయింది.

వైద్య సిబ్బంది స్ట్రెచర్ తీసుకుని ఆమె దగ్గరికి పరుగెత్తారు. కాలు పట్టుకుని గిలగిలలాడుతోంది. చీర పైకి తీసి చూశారు. గాయం లేదు, వాపు లేదు. ఎముక నిక్షేపంగా ఉంది. గుండెజబ్బేమోనని ఒకతను నాడి పట్టుకున్నాడు.

"నాకు కాదు బాబూ, నా పిల్లకి. అటెళ్ళండి" అంటోంది ఆమె. ఏమంటోందో వాళ్ళకి అర్థం కాలేదు.

అక్కడ కట్ట మీద చంద్రకళ తూలి పడింది. బూటు జారిందేమో అనుకుని లేచింది. ఎక్కడా నొప్పి లేదు. మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. ఒక అడుగు, రెండు, మూడు. పాదం తను పెట్టిన వైపు కాకుండా వేరే వైపు తిరుగుతోంది. నాలుగో అడుగుకి కిందకి చూసింది. అప్పటికి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది.

మొదటి విరుపుకే ఆగి ఉంటే కట్టు వేసి సరిపెట్టేవాళ్ళం, ఆ నాలుగు అడుగులే కొంప ముంచాయి అని సర్జన్ చెప్పాడు. కాలు నిలిచింది గాని, లోపల రాడ్డు వేశారు. నడవగలదు. పరుగెత్తలేదు.

ఆస్పత్రి వరండాలో ఫణిభూషణ్ ఎర్రమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఆఖరి వారం ఎంత ఉండేదమ్మా? నిజంగా."

"అంకెలు నాకేం తెలుసు బాబూ. ఓర్చుకోగలనా లేదా, అదే చూసుకున్నాను. ఓర్చుకోగలిగాను."

"బటన్ ఎందుకు నొక్కలేదు?"

"నొక్కితే అది దానికెళ్ళిపోద్ది కదా."

నొప్పిని వినడానికి మనిషిని పెట్టాననుకున్నాడు ఆయన. ఆమె మోయడానికి వచ్చింది. ఈ రెండూ వేరని తోడుపట్టీ గురించి ఆయన రాసిన నూటఇరవై పేజీల్లో ఎక్కడా లేదు.

ఆపరేషన్ మర్నాడు ఎర్రమ్మ పట్టీలు తీసుకుని కూతురి మంచం దగ్గరికి వచ్చింది. "నాలుగు రోజులు కట్టుకో అమ్మీ. నొప్పి తగ్గేదాకా."

చంద్రకళ తల అడ్డంగా ఊపింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "అది నాకు రావలసిన కబురమ్మా. నాన్నకి ఎవరూ చెప్పలేదు. నాకు నువ్వు చెప్పలేదు."

ఎర్రమ్మ పట్టీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు పళ్ళు బిగించి మూలుగుతుంటే, జీవితంలో మొదటిసారి చెయ్యడానికి ఏమీ లేక చూస్తూ ఉండిపోయింది.

మరుసటి ఏడాది తోడుపట్టీ మార్కెట్‌లోకి వచ్చింది. క్రీడాకారులకీ సైనికులకీ బాగా ఉపయోగపడిందన్నారు. ఫణిభూషణ్‌కి పేరొచ్చింది. ఆయన పట్టుబట్టి వాడుక పుస్తకం మొదటి పేజీలో ఒక షరతు వేయించాడు. రెండో పట్టీని రోగి తల్లి, తండ్రి, భర్త, భార్య, తోబుట్టువులు, సన్నిహితులు ధరించరాదు. నొప్పికి వెంటనే ఫిర్యాదు చేసే అపరిచితుల్నే ఎంచుకోవాలి. దాని కోసం మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలు వెలిశాయి.

చంద్రకళకి కాలనీ గేటు దగ్గర కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చారు. రోజూ సాయంత్రం కర్ర సాయంతో కట్ట మీద నడుస్తుంది. రెండడుగులు వెనక ఎర్రమ్మ నడుస్తుంది. కూతురి పాదం ఎలా పడుతోందో, భుజం ఎటు వాలుతోందో చూస్తూ, ఆ అడుగులో ఎంత బాధ ఉందో పోల్చుకోవాలని చూస్తుంది. అడగదు. అడిగితే ఏ జవాబు వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఆమెకి తెలుసు.