ఆదివారం వాచీ

మెట్రో ఇంకా నోయిడా దాకా రాని రోజులు. ఆ ఉదయం పొగమంచుకి ఎదురు టవరు కూడా కనిపించలేదు. సునంద టీ పొయ్యి మీద పెట్టి, భర్త స్వెట్టరు కోసం హాల్లో అల్మారా తెరిచింది. వాచీ డబ్బా ఖాళీగా ఉంది.

పెళ్లయ్యాక భర్త మనోహర్‌కి వచ్చిన మొదటి పుట్టినరోజుకి, జీతంలో దాచుకున్నదంతా పెట్టి కొన్న ఆటోమేటిక్ వాచీ అది. డయల్ చుట్టూ ప్రపంచంలోని ఊళ్ల పేర్లు, ఎక్కడ ఎంతైందో చూసుకోవచ్చు. కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి కదిలితే చాలు నడుస్తుంది. వెనక అద్దంలోంచి చిన్న చక్రం తిరగడం చూసి షాపులోనే మురిసిపోయింది. రోజూ లండన్‌తో, న్యూయార్క్‌తో ఫోన్లో మాట్లాడే మనిషికి ఇంతకంటే ఏమివ్వాలి? అతను మాత్రం రెండు రోజులు పెట్టుకుని డబ్బాలో పడేశాడు.

వాచీ ఏదని అడిగితే, డబ్బాలోనే ఉండాలన్నాడు మనోహర్.

"లేదు. నచ్చకపోతే ఆ రోజే చెప్పాల్సిందండీ. ఎవరికైనా ఇచ్చేశారా?"

కింద ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టింది. అతను కదల్లేదు.

"నాన్న చేతికి అద్దం పగిలిన పాత వాచీ. ఆయన ఎదురుగా ఇది పెట్టుకుని భోజనానికి కూర్చోలేకపోయాను."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"అంటే ఆయనకీ ఇంకోటి కొంటావు."

నిజమే, కొనేసేది.

అంతలో తలుపు తీసుకుని మామగారు రామమూర్తి వాకింగు నుంచి వచ్చారు. ఢిల్లీలో సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్సులో ఉద్యోగకాలమంతా గడిపి, రిటైరయ్యాక వీళ్ల దగ్గరికొచ్చారు. మఫ్లరు తీస్తుంటే స్వెట్టరు చేతి కింద కొత్త వాచీ మెరిసింది. ఇద్దరూ చూడటం చూసి ఆయన ఆగిపోయారు.

"దీపావళికి అల్మారా సర్దుతుంటే ఆగిపోయి కనిపించిందమ్మా. నువ్వు చూస్తే చిన్నబుచ్చుకుంటావని రోజూ వాకింగుకి పెట్టుకెళ్తున్నా. గబగబా చేతులూపుకుంటూ నడిస్తే మర్నాటి దాకా ఆడుతోంది. మీరు లేవకముందే తిరిగి డబ్బాలో పెట్టేస్తాను. ఇవాళ మంచుకి ఆలస్యమైంది."

సునందకి కళ్లు నిండాయి. ఆయన వాచీ విప్పి కొడుకు చేతికి పెట్టారు.

"నా వాచీ నాకు అలవాటైందిరా. నాకోసమని నువ్వు దీన్ని పెట్టెలో పెట్టకు."

మనోహర్ తల వంచుకుని పట్టీ సరిచేసుకున్నాడు.

"శని, ఆదివారాలు ఈయన పక్క దిగరు మామయ్యగారూ," అంది సునంద కళ్లు తుడుచుకుంటూ. "ఆ రెండు రోజులూ వాచీ ఆగిపోకుండా మీరే చూడాలి."

"అచ్ఛా," అన్నారాయన, జేబులోంచి తీసిన తన పాత వాచీకి కీ ఇస్తూ. "పార్కులో వర్మాజీ రోజూ టోక్యో టైము అడుగుతాడు. మానేస్తే ఊరుకోడు."

ఆ ఆదివారం ఎండ వచ్చింది. సునంద బాల్కనీలోంచి చూసింది. మామగారు పార్కు చుట్టూ నడుస్తున్నారు, ఎడం చెయ్యి అవసరమైన దానికంటే కాస్త ఎక్కువే ఊపుతూ.