గాల్లోకి కొట్టిన మందు

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెద్దకూతురి బతుకూ అంతే. తల్లికి మరుపు జబ్బు పట్టిన దగ్గర్నుంచీ ఉద్యోగం మానుకుని గొడ్డుచాకిరీ చేస్తోంది. తల్లి మాత్రం ఆమెను "ఆయమ్మా" అని పిలుస్తుంది. రోజంతా అడిగేది చిన్నకూతుర్నే. ఆ చిన్నదేమో తల్లి గదిలోనే, ఎదుటి మంచం మీదే చనిపోయి ఏళ్లయింది.

డాక్టరు కొత్త మందిచ్చాడు. ముక్కులో కొడితే నేరుగా మెదడుకే ఎక్కుతుందట, మరుపు కాస్త తగ్గొచ్చట. సీసా కొత్తగా తెరిచినప్పుడు మాత్రం తుంపర సరిగ్గా వచ్చేదాకా గాల్లోకి కొట్టమని నర్సు చెప్పింది. ఈ మహాతల్లికి జాగ్రత్త ఎక్కువ కదా, ప్రతిసారీ కొట్టేది. తల్లి కళ్లలో పడకూడదని ఖాళీ మంచం వైపు తిరిగి మరీ కొట్టేది. అమ్మ తనను ఒక్కసారి గుర్తుపడితే చాలు, అంతకంటే ఏమీ అడగలేదు పాపం.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. గదినిండా తడిగోడల వాసన, దాని మీద మందు ఘాటు. తల్లి తల దిండు మీద వెనక్కి వాల్చి, ఖాళీ మంచం వైపు తిరిగి సీసా నొక్కింది. తుస్సుమంది.

వెంటనే... ఎవరో ముక్కు ఎగబీల్చారు.

అమ్మేననుకుని తిరిగి చూసింది. అమ్మ ఊపిరి బిగబట్టి ఆ మంచాన్నే చూస్తోంది.

వద్దనుకుంటూనే మళ్లీ నొక్కింది. తుంపర కిందికి రాలలేదు. గాల్లోనే ఒకచోటికి లాక్కుపోయింది.

"అక్కా... నువ్వు గుర్తొస్తున్నావు." మంచం మీంచి గుసగుస.

తల్లి మొహం విప్పారింది. "ఇంకాస్త తల వాల్చు తల్లీ. అక్క వేస్తుందిగా."

అక్క! ఆ మాట అమ్మ నోట విని ఎన్నేళ్లయిందో. ఏడుపొచ్చింది, కడుపు మండిపోయింది. ఎవరికి చెబుతూ అందో చూడండి!

"అమ్మా... నేనెవర్ని?"

తల్లి ఆమె వైపు తిరగనైనా లేదు. "పిల్లకి మందు చాలట్లేదు ఆయమ్మా, కొట్టు."

పారిపోవాల్సింది. పోలేదు. అమ్మ ఇంకొక్కసారి అక్క అంటుందేమోనని, పిచ్చిది, మళ్లీ నొక్కింది.

"అక్క మంచిది," అంది తల్లి మురిపెంగా.

ఖాళీ మంచం మీంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. దాని పక్కనే... ఇంకెవరిదో.