గార్డెన్ క్రాస్ రోడ్డు ఎక్కడ?

పదకొండున్నర అయింది. అంజలమ్మత్త ఇంకా రాలేదు.

రుక్మణి తమ్ముడికి ఆరోజు పేరు పెట్టాలి. ఉయ్యాల కట్టి, పూలు చుట్టి పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో బిడ్డ చెవిలో మొదటిసారి పేరు చెప్పాల్సింది మేనత్తే. ఆ మేనత్త మదురై నుంచి ఈ ఇంటికి మొదటిసారి రావాలి. మంచి గడియేమో మిల్లులో మధ్యాహ్నం సైరన్ కూసేదాకానే ఉంది. ఆ సైరన్‌ను వాళ్ళ పేట పీలమేడులో అందరూ సంగు అంటారు.

"దారి సరిగ్గా రాస్తివా?" అని నాన్న మూడోసారి అడిగాడు. రాశానని రుక్మణి మూడోసారి అరిచింది. తన రాతను అనుమానిస్తే ఆ పదేళ్ళ పిల్లకు ఒళ్ళు మండుతుంది. 'మా పేటకు వచ్చేవారికి దారి' అని స్కూల్లో వ్యాసం రాయిస్తే ఫస్ట్ మార్కు ఆమెదే. దాన్నే కాపీ చేసి అత్తకు పోస్టు చేసింది.

సంగు కూసింది. రుక్మణి అవ్వ ఉయ్యాల పూలు తీసేసింది. తర్వాతి మంచిరోజు ఇంకా తొమ్మిది రోజులకు గానీ లేదు.

ఒంటిగంటకు అత్త వచ్చింది. చీరంతా చెమట, చెప్పు తెగింది, చేతిలో ఉత్తరం నలిగిపోయింది.

"గార్డెన్ క్రాస్ రోడ్డు యాడ అని నేను అడగని మనిషి లేడు. ఒగరికీ తెలీదు. ఈ ఇంటి ముందరే రెండు తూర్లు పోతిని" అంది.

ఎలా తెలుస్తుంది? ఆ పేరుతో ఇంగ్లీషు బోర్డు పాతి నెల కూడా కాలేదు. అందరికీ అది కండె వీధి. మిల్లులో నూలు చుట్టే కండెలు విరిగితే వాటిని గుచ్చి ప్రతి ఇంటికీ కంచె కట్టుకున్నారు మరి. ఆ పేరు రాస్తే టీచరు నవ్వుతుందని రుక్మణి బోర్డు మీది పేరు రాసింది. గార్డెన్ అట! ఆ వీధిలో కరివేపాకు మొక్క కూడా లేదు.

అత్తకు మదురై మిల్లులో ఒక్కరోజే లీవు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "పేరు చెప్పకుండా పోతా ఉండానే, కన్నా" అని కళ్ళు తుడుచుకుని సాయంత్రం రైలెక్కింది.

మర్నాడు రుక్మణి పెన్సిలు, నోటుబుక్కు పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. ప్రతి మలుపులోనూ ఆగి, దీన్ని మీరేమంటారని అడిగింది. పొగగొట్టం పక్కది మసి సందు అన్నారు. కుళాయి ఉన్న చోటు కొట్లాట మూల అన్నారు. ఆ పేరెలా వచ్చిందో ఒక్కొక్కరు అరగంట చెప్పారు. విసుగొచ్చినా నోరు మూసుకుని అంతా రాసుకుంది.

చివరికి ఎదురింటి పాపమ్మాళ్ అవ్వను, తమ ఇంటిని ఏమంటారని అడిగింది.

"అరిచే పిల్ల ఇల్లు" అంది అవ్వ, బియ్యం ఏరుతూనే.

పెన్సిలు ఆగిపోయింది. రుక్మణి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆ పేరు కూడా రాసుకుని, ఆ పేర్లతోనే దారి మళ్ళీ రాసి అత్తకు పోస్టు చేసింది.

తొమ్మిదో రోజు, సంగుకు ఇంకా రెండు గంటలుండగానే అంజలమ్మత్త గుమ్మంలో నిలబడింది. ఒక్కరినే అడిగిందట. ఆయన ఇంటిదాకా తెచ్చి వదిలాడట.

"శరిగ్గా రాసినావు" అంది అత్త.

రుక్మణి ఈసారి అరవలేదు. నీళ్ళ చెంబు అందించింది. అత్త కాళ్ళు కడుక్కుని, ఉయ్యాల మీదికి వంగి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పింది: "కృష్ణరాజ్."